నడినెత్తికి దగ్గరగా చూసే డిష్: దక్షిణ తెలంగాణ దారుల్లో క్యారవాన్ టీవీ కష్టాలు

నాగార్జున సాగర్ చేరేసరికి పొద్దుగూకుతుంది. పడక, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అన్నీ ఉన్న క్యారవాన్‌ను చల్లగా ఉంటుందని ఓ చింతచెట్టు కింద ఆపుతారు. పైన డిష్ లేపి టీవీ పెడితే నీలం తెర మీద ‘సిగ్నల్ లేదు’ అని వస్తుంది. బాక్స్ ఆపి మళ్లీ పెడతారు, కార్డు తీసి చొక్కాకు తుడిచి దూర్చుతారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి మనిషి ఇంటి మీది డిష్‌ను మనసులో పెట్టుకుని ప్రశ్నలు అడుగుతాడు. ఇదంతా అయ్యేలోపు మ్యాచ్‌లో సగం ఓవర్లు అయిపోతాయి. ఇంతా చేస్తే బాక్స్ బాగానే ఉంటుంది, ఉపగ్రహమూ బాగానే ఉంటుంది. తప్పు చాలాసార్లు బండిని ఆపిన చోటులోనే ఉంటుంది.

ఇలాంటి బండ్లు మన దగ్గర తక్కువ. షూటింగ్‌లకు వచ్చే వ్యాన్లు, ఎన్నికలప్పుడు తిరిగే ప్రచార రథాలు, టెంపో ట్రావెలర్‌నో పాత బస్సునో మార్పించుకుని కొందరు చేసుకున్న చక్రాల ఇళ్లు, అంతే. ఇంటి డిష్‌లు బిగించి అలవాటైన మెకానిక్‌కు బండి సంగతి కొత్త. నెట్‌లో వెతికితే దొరికేవి ఎక్కువగా యూరప్ వాళ్ల సలహాలు. ‘ఎత్తైన భవనాలకు, కొండలకు దూరంగా ఆపండి’ అన్నది వాటిలో మొదటి మాట. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఆ మాటతో పెద్దగా పని పడదు. ఎందుకో తెలియాలంటే ఆకాశం లెక్క కొంచెం చూడాలి.

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితో సమానంగా తిరుగుతాయి కాబట్టి కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తాయి. లండన్ భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన ఉంది. అక్కడివాళ్లు వాడే ఉపగ్రహం దిగంతం మీద 25 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. రెండంతస్తుల ఇల్లు అడ్డొచ్చినా వాళ్లకు టీవీ పోతుంది. నల్గొండ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఛానళ్లు మోసే జీశాట్-15ను 2015 నవంబర్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించారు. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. నల్గొండ నుంచి చూస్తే అది ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, 64 డిగ్రీల ఎత్తున కనిపించాలి. టాటా ప్లే వాడే 83 డిగ్రీల స్థానం ఇంకా పైకి, దాదాపు 70 డిగ్రీల ఎత్తులో, దక్షిణానికి దగ్గరగా ఉంటుంది. డీ2హెచ్‌ది 88 డిగ్రీల స్థానం, ఎత్తు 67 దాటుతుంది. ఎయిర్‌టెల్‌ది 108 డిగ్రీల దగ్గర కాబట్టి కొంచెం కిందికి, 51 డిగ్రీల ఎత్తులో, తూర్పుకు జరిగి ఉంటుంది.

అంటే ఇక్కడ డిష్ చూసేది ఎదురుగా కాదు, నడినెత్తికి దగ్గరగా. 64 డిగ్రీల ఎత్తుకు లెక్క వేస్తే ఏ అడ్డు నుంచైనా దాని ఎత్తులో సగం దూరం జరిగితే సరిపోతుంది. పది మీటర్ల గోడైతే ఐదు మీటర్లు చాలు. భువనగిరి కోట ఉన్న ఏకశిల 150 మీటర్ల పైచిలుకు ఎత్తు. దాని పాదం దగ్గర బండి ఆపినా, కొండ వాలు 64 డిగ్రీల కంటే నిటారుగా లేనంతవరకు అది డిష్‌కు అడ్డు రాదు. అదే చోట వేపచెట్టు నీడలోకి పోతే మాత్రం టీవీ ఆగిపోతుంది. కొమ్మలు సరిగ్గా డిష్ చూసే దారిలోనే పరుచుకుని ఉంటాయి. ఆకు తడిస్తే మరీ ఘోరం, ఈ తరంగాలను నీళ్లు బాగా పీల్చుకుంటాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి లాంటి చెట్టు కిందైతే ఇక ఆశ పెట్టుకోనక్కర్లేదు. దాని వయసు 700 ఏళ్లంటారు, విస్తీర్ణం మూడెకరాలు. (2018లో ఆ చెట్టుకు చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. అంతటి చెట్టును టీవీ కోసం తిట్టుకోవడం న్యాయం కాదు.)

మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో నీడ వదులుకుని బండి ఆపమంటే ఎవరూ వినరు. వదులుకోనక్కర్లేదు కూడా. మధ్యాహ్నం తర్వాత ఎండ పడమటి నుంచి వస్తుంది, సిగ్నల్ వచ్చేది ఆగ్నేయం నుంచి. చెట్టుకు తూర్పు పక్కన బండి పెడితే సాయంత్రం దాకా నీడ ఉంటుంది, డిష్ ముందు ఆకాశం ఖాళీగా ఉంటుంది. శ్రీశైలం దారిలో రాత్రి గేటు మూసేశాక మన్ననూర్ దగ్గర తెల్లారేదాకా ఆగేవాళ్లు నల్లమల చెట్ల మధ్య ఆపినా, ఆ ఒక్క వైపు పైకి చూసి చోటు ఎంచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

చోటు సరిగ్గానే ఉండి కూడా సిగ్నల్ రాకపోతే తర్వాత చూడాల్సింది బండి ఒరుగు. దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. గురి అటూ ఇటూ ఒకటిన్నర డిగ్రీ తప్పితే అందే శక్తి సగానికి పడిపోతుంది. ఇంటి మీద పైపును మెకానిక్ నిట్టనిలువుగా బిగిస్తాడు కాబట్టి బ్రాకెట్ మీది అంకెలు నిజం చెబుతాయి. బండి పైకప్పు మీది పైపు నిలువుగా ఉండేది బండి సమంగా నిలబడితేనే. రోడ్డు అంచు వాలులో ఒక పక్క చక్రాలు దిగినా, వెనక ట్యాంకులో నీళ్లు నిండి సస్పెన్షన్ కుంగినా రెండు మూడు డిగ్రీలు సులువుగా పోతాయి. అప్పుడు బ్రాకెట్ 64 చూపిస్తుంటే డిష్ చూసేది 61కో 67కో.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. పైకి ఎత్తే కోణం ఒక డిగ్రీ తప్పితే ఆకాశంలోనూ ఒక డిగ్రీ తప్పుతుంది. అడ్డంగా తిప్పే కోణం మూడు డిగ్రీలు తప్పితే మాత్రం, డిష్ ఇంత పైకి చూస్తున్నందువల్ల, ఆకాశంలో తేడా 1.3 డిగ్రీలే. దిక్కు విషయంలో పొరపాట్లను మన ఆకాశం కొంత మన్నిస్తుంది, ఎత్తు విషయంలో అస్సలు మన్నించదు. జనం చేసేది దీనికి తలకిందులు. గంటసేపు డిష్‌ను కుడికీ ఎడమకీ తిప్పుతారు, బండి సమంగా ఉందా లేదా చూడరు. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి బండిలో పెట్టుకుంటే సరిపోతుంది. దిగిన చక్రం కింద చెక్క ముక్క వేసి బుడగ మధ్యకు తెచ్చాకే డిష్ ముట్టుకోవాలి. డిష్ ముఖం చూసి ఎత్తు అంచనా వేయడమూ పనికిరాదు. మన డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) మధ్యలో ఉండదు, కిందికి జరిగి ఉంటుంది. అందువల్ల డిష్ 64 డిగ్రీల ఎత్తుకు చూస్తున్నా దాని ముఖం నలభై డిగ్రీలే వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది.

దిక్కు కోసం అందరూ ఫోన్ తీస్తారు. బండి ఇనుము, ఇంజిన్ ఇనుము, కింద బ్యాటరీ. వీటి మధ్య ఫోన్‌లో దిక్సూచి ఇరవై డిగ్రీలు తప్పు చూపినా ఆశ్చర్యం లేదు. బండికి పది అడుగుల దూరం నడిచి చూసి, ఆ వైపు కనిపించే చెట్టో సెల్ టవరో గుర్తు పెట్టుకుని, డిష్‌ను దానికేసి తిప్పాలి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా జరుపుతూ, జరిపిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగాలి. బాక్స్‌కు సిగ్నల్ పట్టుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. గబగబా తిప్పితే ఉపగ్రహం ముందు నుంచే దాటిపోయినా తెలియదు.

తెర మీద రెండు గీతలుంటాయి, ఒకటి స్ట్రెంత్, ఇంకోటి క్వాలిటీ. మొదటిదాన్ని నమ్మి మోసపోయేవాళ్లే ఎక్కువ. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్ ఎటు చూసినా స్ట్రెంత్ అరవయ్యో డెబ్బయ్యో చూపిస్తుంది. అది ఎల్‌ఎన్‌బీ సొంత రొద. క్వాలిటీ సున్నా అయితే ఏ ఉపగ్రహమూ దొరకనట్టే. క్వాలిటీ వచ్చినా ఛానళ్లు రాకపోతే పక్కింటి తలుపు తట్టారని అర్థం. 93.5కు ఒక పక్క 91.5లో, ఇంకో పక్క 95లో వేరే ఉపగ్రహాలున్నాయి. చూపు వెడల్పే మూడు డిగ్రీలున్న చిన్న డిష్‌కు వీటిని విడదీయడం అంత తేలిక కాదు. పైగా సన్ డైరెక్ట్ 91.5లో, డిష్ టీవీ 95లో ఉన్నాయి, రెంటి సిగ్నలూ మన మీద గట్టిగానే పడుతుంది. కొంచెం ఇటో అటో జరిపి మళ్లీ చూడటమే మార్గం.

అన్నిటికంటే తక్కువమందికి తెలిసింది ఎల్‌ఎన్‌బీ మెలి. ఉపగ్రహం ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు రకాల తరంగాలు పంపగలదు, ఒకటి అడ్డంగా ఊగేది, ఒకటి నిలువుగా ఊగేది. ఉపగ్రహం మనకు సరిగ్గా దక్షిణాన ఉంటే ఎల్‌ఎన్‌బీని నేరుగా పెట్టవచ్చు. తూర్పుకు జరిగేకొద్దీ, మనం భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఆ తరంగాలు మన కంటికి వాలిపోయి వస్తాయి. ఎల్‌ఎన్‌బీని కూడా అంతే మెలి తిప్పి పెట్టాలి. నల్గొండలో 83 డిగ్రీల ఉపగ్రహానికి ఈ మెలి 12 డిగ్రీలు. 93.5కు దాదాపు 39. 108కి 57, 58. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురు తిప్పాలి.

ఈ అంకెలను బట్టి ఒక సంగతి తేలుతుంది. ఒక కంపెనీ కనెక్షన్ మానేసి అదే డిష్‌తో ఇంకో కంపెనీకి, లేదా ఫ్రీ డిష్‌కు మారినవాళ్లు డిష్‌ను తిప్పుతారు, ఎత్తు సరిచేస్తారు, ఎల్‌ఎన్‌బీని మాత్రం పాత మెలిలోనే వదిలేస్తారు. 12 ఉండాల్సిన చోట 39 పెడితే తేడా 27 డిగ్రీలు. అప్పుడు అడ్డం తరంగంలోకి నిలువు తరంగం కలిసిపోతుంది. క్వాలిటీ గీత ముప్పై దగ్గర తచ్చాడుతుంది, బొమ్మ చతురస్రాలుగా విరుగుతుంది. డిష్ చిన్నదేమో అనుకుని పెద్దది కొనుక్కొచ్చేవాళ్లున్నారు. క్లిప్పు వదులు చేసి ఎల్‌ఎన్‌బీ మెడను తిప్పుతూ క్వాలిటీ ఎక్కడ ఎక్కువవుతుందో చూడటం రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. యూరప్ గైడ్లలో దీని గురించి ఒక్క వాక్యమే ఉండటంలో వింత లేదు, వాళ్ల అక్షాంశంలో మెలి అంత ఉండదు.

కొన్ని ఛానళ్లు వచ్చి కొన్ని రాకపోతే కరెంటును కూడా అనుమానించాలి. బాక్స్ ఎల్‌ఎన్‌బీకి కేబుల్ గుండానే కరెంటు పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 వోల్టులు పంపితే అడ్డం తరంగాలు అందుకోమని దానికి అర్థం. బండి బ్యాటరీ దిగిపోయి బాక్స్‌కు 12 వోల్టులకు బదులు 11 అందుతుంటే, అది 18 వోల్టులు తయారు చేయలేక 15, 16 దగ్గర ఆగిపోవచ్చు. 13 వోల్టుల ఛానళ్లు మామూలుగా వస్తూ మిగతావి పోతాయి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే అవీ వచ్చేస్తే ఇక డిష్ జోలికి పోనక్కర్లేదు, బ్యాటరీ చూపించుకోవాలి. దీనికి ఎదురు కష్టమూ ఉంది. ఇంజిన్ నడిచేటప్పుడు అదే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు దాటుతుంది, లారీ ఛాసిస్ మీద కట్టిన బండ్లలో అసలు ఉండేదే 24. బాక్స్‌ను నేరుగా దానికి తగిలించి కాల్చుకునేకన్నా, 12 దగ్గర నిలిపే మంచి డీసీ కన్వర్టర్ పెట్టించడం నయం. చవక ఇన్వర్టర్ల రొద బాక్స్‌లోకి చేరి బొమ్మను చెడగొట్టడం కూడా ఉంటుంది. అలా అనుమానం వస్తే ఓ పూట ఇన్వర్టర్ ఆపి, దాబా దగ్గర ప్లగ్ అడిగి వేసి చూస్తే తేలిపోతుంది.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బండిలో కేబుల్ పొడవు తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే. చిక్కంతా పిన్నుల దగ్గర. కల్వకుర్తి, దేవరకొండ వైపు గతుకుల్లో వంద కిలోమీటర్లు ఊగాక మరలు వదులవుతాయి. కేబుల్ లోపల చుట్టూ అల్లి ఉండే జాలీ తీగలో ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్ట్ అయి బాక్స్ కరెంటు ఆపేస్తుంది. పైకప్పు రంధ్రం దగ్గర వాన నీళ్లు దిగి రాగి పచ్చగా మారి ఉంటే ఆ ముక్క కోసి కొత్త పిన్ను వేయాలి, తుడిస్తే లాభం లేదు. సెల్ టవర్ పక్కనే ఆపినప్పుడు మాత్రమే కొన్ని ఛానళ్లు పోతుంటే అదీ కేబుల్ తప్పే. ఎల్‌ఎన్‌బీ నుంచి కిందికి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. సెల్ ఫోన్ల 1800, 2100 బ్యాండ్లు ఆ మధ్యలోనే పడతాయి. జాలీ పలచగా ఉన్న నాసిరకం వైరు టవర్ సిగ్నల్‌ను లోపలికి రానిస్తుంది.

వాతావరణం వల్ల పోయే సిగ్నల్‌కు చేయగలిగింది ఏమీ లేదు, కానీ దాన్ని గుర్తుపడితే అనవసరంగా డిష్ కదిలించే పని తప్పుతుంది. వాన ఇంకా మొదలు కాకుండానే టీవీ పోతే, ఆగ్నేయంలో మబ్బు కమ్మిందన్నమాట. పది, ఇరవై నిమిషాలు ఆగితే అదే వస్తుంది. ఆ కాసేపట్లో స్క్రూలు తిప్పినవాళ్లు వాన వెలిశాక మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. మండుటెండలో మధ్యాహ్నం పోయి సాయంత్రం తనంతట తాను వచ్చే సిగ్నల్ వేడెక్కిన ఎల్‌ఎన్‌బీ లక్షణం. ఫ్రీక్వెన్సీని నిలిపి ఉంచే లోపలి ఆసిలేటర్ వేడికి దారి తప్పుతుంది, అది పాతబడిందని గుర్తు. ఇంకోటి, మార్చి రెండో వారంలోనూ సెప్టెంబర్ నెలాఖరునా ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా జీశాట్-15 వెనక్కి వస్తాడు. ఆ కొన్ని రోజులూ రోజుకు కొన్ని నిమిషాలపాటు ఆ రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. ఇది ఇంటి డిష్‌కూ తప్పదు.

ఫ్రీ డిష్‌లో ఒక్క ఛానలే మాయమైతే ఇవేవీ చూడక్కర్లేదు. అక్కడ స్లాట్లు వేలంలో మారుతుంటాయి, మళ్లీ స్కాన్ చేస్తే ఆ ఛానల్ ఉందో లేదో తెలుస్తుంది.

డబ్బున్నవాళ్లు ఈ తిప్పలన్నీ ఎందుకని గుండ్రటి డోమ్ యాంటెనా తెప్పించుకోవాలని చూస్తారు. లోపల మోటార్లుంటాయి, ఉపగ్రహాన్ని తనే వెతుక్కుంటుంది, కొన్ని రకాలు బండి నడుస్తుండగానే చూపిస్తాయి. విదేశీ సరుకు కొనేముందు రెండు సంగతులు అడగాలి. అమెరికాలో ఉపగ్రహ టీవీ తరంగాలు మెలికలు తిరుగుతూ వస్తాయి, మనవి అడ్డంగానో నిలువుగానో వస్తాయి. అక్కడి కోసం చేసిన డోమ్ ఇక్కడ అక్కరకు రాదు. యూరప్ కోసం చేసినవాటిలో కొన్ని పైకి ఎంతవరకు లేస్తాయన్నది రెండోది. వాళ్లకు 25, 35 డిగ్రీలు చాలు. మనకు 64, 70 కావాలి. అంత ఎత్తుకు లేవని డోమ్ కొంటే లక్షలు పోసి బండి మీద బోర్లించిన బేసిన్ పెట్టుకున్నట్టే. అన్నీ సరిపోయినా నల్లమల ఘాట్‌లో చెట్ల కింద నడుస్తుంటే బొమ్మ తెగుతూనే ఉంటుంది.

నిజానికి ఈ ప్రాంతంలోనే తిరిగేవాళ్లకు అంత ఖర్చు అవసరం లేదు. జీశాట్-15కు పైకి ఎత్తే కోణం అలంపూర్‌లో 64.3 డిగ్రీలు, నల్గొండలో 64.1, మహబూబ్‌నగర్‌లో 63.5, యాదగిరిగుట్టలో 63.4. మొత్తం తేడా ఒక డిగ్రీ కూడా లేదు. ఎల్‌ఎన్‌బీ మెలి కూడా 38, 43 మధ్యే తిరుగుతుంది, ఆ తేడా బొమ్మ మీద కనిపించదు. అందుకే బండిని ఒక్కసారి చదును నేల మీద రసమట్టం పెట్టి నిలిపి, ఎత్తు, మెలి రెండూ సరిచేసి, బోల్టులు గట్టిగా బిగించి, ఆ చోట పెయింట్‌తో గీత గీయించుకోవాలి. ఆ తర్వాత సోమశిలలో ఆగినా, చెర్వుగట్టు జాతరకు పోయినా బండిని సమం చేయడం, డిష్‌ను ఆగ్నేయం వైపు అడ్డంగా తిప్పడం, అంతే పని. గీత జరిగిందేమో ఒకసారి చూసుకుంటే చాలు. ఆ గీత పనికిరాకుండా పోయేది 44వ నంబర్ హైవే మీద ఉత్తరానికి చాలా దూరం వెళ్లాకే. నాగపూర్‌లో అదే ఉపగ్రహం 60 డిగ్రీలకు దిగుతుంది, అక్కడ స్పానర్ బయటికి తీయాల్సిందే.